వర్క్ వీసా ఆలస్యమైతే రాజీనామా ఆపండి, చేరే తేదీ మార్పించుకోండి

ప్రశ్న ఇది: "కడపలో ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ చెప్తున్నాను. షార్జాలో ఒక సీబీఎస్‌ఈ స్కూలు ఏప్రిల్‌లో చేరమని ఆఫర్ లెటర్ ఇచ్చింది. మే వచ్చింది, వర్క్ వీసా రాలేదు. విజిట్ వీసా మీద వచ్చేయమంటున్నారు. ఇక్కడ రాజీనామా చేసెయ్యాలా, ఆగాలా?"

ఆగండి మేడమ్. రాజీనామా కాగితం బ్యాగులోనే ఉండనీండి. వీసా ఎప్పుడొస్తుందని అడిగితే ఆ స్కూలు హెచ్ఆర్ వాళ్లు "ప్రాసెస్‌లో ఉంది" అంటారు. దసరాకు అడిగినా అదే మాట. మీరు అడగాల్సింది ఫైలు ఎవరి దగ్గర ఆగిందని. దానికి జవాబు చెప్పలేకపోతున్నారంటే ఫైలు ఇంకా కదల్లేదనే అనుకోండి.

ముందు మీ చేతిలో ఉన్నది ఏ ఆఫర్ లెటరో చూసుకోండి. స్కూలు లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపాల్ సంతకంతో వచ్చేది ఒకటి. యూఏఈ మానవ వనరుల మంత్రిత్వ శాఖ ప్రామాణిక ఫారంలో, అరబిక్, ఇంగ్లీషు పక్కపక్కన ఉండేది ఇంకొకటి. దాని మీద 'ఎంబీ' అక్షరాలతో మొదలయ్యే నంబర్ ఉంటుంది. మన వాళ్లలో చాలామంది మొదటి కాగితం చూసుకొనే ఇంట్లో స్వీట్లు పంచేస్తారు. పని నడిచేది రెండోదానితో. మీరు దాని మీద సంతకం పెడితేనే వర్క్ పర్మిట్ ఆమోదం, ఆ తర్వాత ఎంట్రీ పర్మిట్, అంటే ఆ దేశంలో అడుగుపెట్టే అనుమతి. ఎంట్రీ పర్మిట్ వచ్చినాక 60 రోజుల్లోపు ఆ దేశంలో దిగాలి. దిగినాక ఇంకో 60 రోజుల్లో మెడికల్, ఎమిరేట్స్ ఐడీ, రెసిడెన్స్ పూర్తి కావాలి. ఎంబీ నంబర్ ఇమ్మంటే ఇచ్చారంటే మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్లో మీరే స్టేటస్ చూసుకోవచ్చు. ఎంట్రీ పర్మిట్ అయితే అక్కడి ఇమిగ్రేషన్ సైట్లలో, షార్జా వాళ్లకు ఐసీపీలో, దుబాయ్ వాళ్లకు జీడీఆర్ఎఫ్ఏలో కనిపిస్తుంది. వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ అక్కడ కనిపించలేదంటే దాన్ని వీసా అనుకోవద్దు.

టీచర్లకు ఇంకో మెలిక ఉంది. సేల్స్‌మన్‌కూ అకౌంటెంట్‌కూ లేనిది. స్కూళ్లను చూసుకునే సంస్థ, షార్జాలో ఎస్‌పీఈఏ, దుబాయ్‌లో కేహెచ్‌డీఏ, అబుధాబిలో అడెక్, మీ నియామకాన్ని ఒప్పుకోవాలి. అక్కడ అడిగేది మీ డిగ్రీ, బీఈడీ అటెస్టేషన్, అంటే ఆ పట్టాలు అసలైనవేనని వేయించుకునే స్టాంపులు. ఆలస్యాల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి. షార్జాలో కాదు, మన కడపలోనే పుడతాయి.

అటెస్టేషన్ వరస ఇట్ల ఉంటుంది: యూనివర్సిటీ వెరిఫికేషన్, రాష్ట్ర ప్రభుత్వ స్టాంపు లేదా ఢిల్లీలో ఎస్డీఎం (సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్) స్టాంపు, విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ, చివరికి అక్కడ దిగినాక వాళ్ల విదేశాంగ శాఖ. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తో పని జరగదు, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ పట్టా) కావాలి. కాన్వొకేషన్‌కు పోకుండా "తర్వాత తీసుకుందాంలే" అని వదిలేసినవాళ్లు మనలో ఎందరో. ఓడీకి దరఖాస్తు ఈరోజే పెట్టండి. ఏ యూనివర్సిటీకి పోవాలో కూడా చూసుకోండి. కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ వచ్చింది 2008లో. అంతకుముందు అక్కడ డిగ్రీ చేసినవాళ్ల పట్టా అనంతపురం శ్రీకృష్ణదేవరాయది. కడపలో యోగి వేమన 2006లో వచ్చింది. దానికి ముందు చదివినవాళ్లు తిరుపతి బస్సు ఎక్కాల్సిందే. సౌదీ, ఒమన్, బహ్రెయిన్ అయితే ఎంబసీకి పోకుండా అపొస్టిల్ (ఒప్పందంలో ఉన్న దేశాలు ఒప్పుకునే మన విదేశాంగ శాఖ ముద్ర) సరిపోతుంది. యూఏఈ, కువైట్, ఖతార్ అపొస్టిల్ ఒప్పందంలో లేవు, ఎంబసీ స్టాంపు తప్పదు. ఇది తెలియక యూఏఈకి పోయే సర్టిఫికెట్లకు అపొస్టిల్ కొట్టించి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ప్రొద్దుటూరు మ్యాథ్స్ సారు ఒకాయన సంగతి చెప్తా, ఇందులో అన్నీ ఉన్నాయి. ఆయన డిగ్రీ పట్టా లామినేషన్ చేయించి పెట్టుకున్నాడు. బస్టాండు దగ్గర ఫోటో స్టూడియోలో చేయించిందే, పాతికేళ్లు చెక్కుచెదరదని గర్వం. స్టాంపులు వేసేది పట్టా వెనకవైపు, కాగితం మీద. ప్లాస్టిక్ మీద సిరా నిలవదు, ఏ ఆఫీసు వాళ్లూ తీసుకోరు. సరేనని అదే స్టూడియో వాడితో ఇస్త్రీ పెట్టె వేడి తగిలించి పొర లాగించాడు. పొరతోపాటు రిజిస్ట్రార్ సంతకం సగం, సీలు అంచు లేచొచ్చాయి. మిగిలిన కాగితం మీద పేరు మాత్రం స్పష్టంగా ఉంది. ఆ పేరే ఇంకో తలనొప్పి. పట్టాలో ఇంటిపేరు 'ఎస్' అని ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో 'షేక్' అని పూర్తిగా. పదో తరగతి మార్కుల లిస్టులో ఇంటిపేరు చివర, పాస్‌పోర్టులో మొదట. మనకు ఇవన్నీ ఒకే మనిషి. అక్కడి కంప్యూటర్‌కు ముగ్గురు మనుషులు.

పాడైన పట్టా వెనక్కిచ్చి, చలానా కట్టి, నోటరీ అఫిడవిట్ పెట్టి డూప్లికేట్‌కు రాసుకోవాల్సి వచ్చింది. పేరుకు వేరే అఫిడవిట్. ఏప్రిల్ పోయింది, జూన్ పోయింది. అయినా ఆయన ఉద్యోగం పోలేదు. ఎందుకంటే ఆఫర్ ఒప్పుకునేటప్పుడే మెయిల్లో ఒక వాక్యం రాసి, దానికి స్కూలుతో 'సరే' అనిపించుకున్నాడు: చేరే తేదీ ఎంట్రీ పర్మిట్ వచ్చిన రోజు నుంచి లెక్క, క్యాలెండర్ తేదీ నుంచి కాదు. వేసవి సెలవులయ్యాక సెప్టెంబరులో పోయి చేరాడు.

మీరూ ఆ వాక్యం రాయించుకోవాలి. ఫోన్లో కాదు, మెయిల్లో. ఇట్ల అడగండి: ఎంట్రీ పర్మిట్ చేతికొచ్చిన 15 రోజుల్లో చేరతాను, అప్పటిదాకా పోస్టు ఫలానా తేదీ వరకు నాకు ఉంచుతారు, వీసా వల్ల ఆలస్యమైతే నా మీద జరిమానాగానీ బాండ్ డబ్బుగానీ ఉండదు, ఆ తేదీ దాటితే ఇద్దరమూ స్వేచ్ఛగా తప్పుకోవచ్చు. జీతం, ఇల్లు, టికెట్ మొదలయ్యేది చేరిన రోజా, దిగిన రోజా అన్నది కూడా తేల్చుకోండి. దిగినాక మెడికల్, ఐడీ పూర్తయ్యేదాకా క్లాసుకు పంపని స్కూళ్లున్నాయి. ఆ వారాలకు మీ చేతి డబ్బులు తినాలి. అటెస్టేషన్ రసీదులన్నీ దాచిపెట్టండి, చాలా స్కూళ్లు అడిగితే తిరిగిస్తాయి, అడగకపోతే ఇయ్యవు.

'ఫలానా తేదీ' ఏది పెట్టుకోవాలి? అక్కడి సీబీఎస్‌ఈ స్కూళ్లకు ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది, జులై ఆగస్టు వేసవి సెలవులు. మే దాటిందంటే మీ పీరియడ్లు ఇంకొకరికి సర్దేసి ఉంటారు. జూన్‌లో దిగితే నాలుగు వారాలకే సెలవులు, స్కూలుకూ లాభం లేదు. కాబట్టి సెలవుల తర్వాత తెరిచే రోజు అడగండి, ఒప్పుకుంటారు. మనకూ అదే మంచిది. ఇక్కడ జూన్‌లో బడులు తెరిచేటప్పుడు మేనేజ్‌మెంటుకు "ఆగస్టు దాకా ఉంటా" అని ముందే చెప్పొచ్చు.

ఇక్కడి మేనేజ్‌మెంట్ల గురించి ఒక మాట అనకుండా ఉండలేను. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకొని బీరువాలో పెట్టుకునే అలవాటు కర్నూలు, అనంతపురం, కడప మూడింటిలోనూ ఉంది. ఏడాది మధ్యలో పోకూడదని. ఎంబసీ స్టాంపు కోసం పట్టా కావాలంటే "రాజీనామా ఇచ్చి తీసుకుపో" అంటారు. ఆ పట్టా మీది, వాళ్లకు దాని మీద ఏ హక్కూ లేదు. అయినా గొడవ ఎందుకనుకుంటే బ్యాంకు లోన్ వెరిఫికేషన్ అనో, డీఎస్సీ అనో చెప్పి ముందే తెచ్చేసుకోండి. మళ్లీ ఇవ్వొద్దు.

ఇక విజిట్ వీసా. దాని మీద దిగి, లోపలే స్టేటస్‌ను విజిట్ నుంచి వర్క్‌కు మార్చుకోవడం అక్కడ కుదురుతుంది, అందులో తప్పు లేదు. తప్పు ఎక్కడంటే పర్మిట్ రాకముందే చాక్‌పీసు పట్టుకోవడం. పర్మిట్ లేనివాళ్లను పనిలో పెట్టుకుంటే యజమానికి 1 లక్ష నుంచి 10 లక్షల దిర్హాముల దాకా జరిమానా అని 2024లో చట్టం బిగించారు. తనిఖీ వస్తే స్కూలు వాళ్లు జరిమానా కట్టుకుంటారు, మిమ్మల్ని పంపించేస్తారు. విజిట్ గడువు దాటితే రోజుకు 50 దిర్హాములు మీ జేబులోంచే. "డెమో క్లాసులే కదా, వచ్చేయండి" అంటే ఆ డెమో జూమ్‌లో ఇస్తానని చెప్పండి.

ఖర్చు సంగతి. నియామకానికి అయ్యే ఖర్చు ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదని యూఏఈ 2021 కార్మిక చట్టమే చెప్తుంది. మన దగ్గర లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్లో చూడొచ్చు. లక్షల్లో అడిగేవాడు వీసా త్వరగా తేలేడు, మీరు ఫోన్ చేస్తే ఎత్తడం మానేస్తాడు, అంతే. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. రాయచోటి నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయే ఆవిడ పాస్‌పోర్టు ఈసీఆర్ (పనికి పోవాలంటే ప్రభుత్వ క్లియరెన్స్ కావాల్సిన రకం) అయితే, ఆమె కాంట్రాక్టును ప్రభుత్వం చూసి క్లియరెన్స్ ఇస్తేనే విమానం ఎక్కాలి. డిగ్రీ ఉన్న మీకు ఆ క్లియరెన్స్ అక్కర్లేదు. సులువే, కానీ మీ కాంట్రాక్టును మీరు తప్ప ఇంకెవరూ చదవరు.

ఈలోపు ఇంకో స్కూలు పిలిస్తే? ఒప్పుకోవచ్చు, కానీ మొదటి స్కూలు పర్మిట్ దరఖాస్తు బతికి ఉండగా రెండోవాళ్లది ముందుకు పోదు. రద్దు చేసిన కాగితం మొదటివాళ్ల దగ్గర తీసుకున్నాకే రెండో సంతకం పెట్టండి.

ఇంగ్లండు పోయేవాళ్లూ ఇదే ప్రశ్న అడుగుతుంటారు. అక్కడ స్కూలు ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ వచ్చిన 3 నెలల్లోపు వీసాకు పెట్టకపోతే అది చెల్లదు. టీబీ పరీక్ష సర్టిఫికెట్ 6 నెలలే పని చేస్తుంది, కాబట్టి ఆఫర్ రాగానే హడావుడిగా చేయించుకోవద్దు. చేరే తేదీ తర్వాత, లేదా వీసా ఆ తర్వాత వస్తే అప్పటినుంచి, 28 రోజుల్లో చేరకపోతే స్కూలు వాళ్లు అక్కడ వీసాలు చూసే హోం ఆఫీసుకు చెప్పాలి. ఆలస్యమని తెలిసిన రోజే మెయిల్ పెడితే వాళ్లకూ రాసుకోవడానికి కారణం ఉంటుంది.

సర్కారు బడి టీచర్లయితే ఒక్కటే జాగ్రత్త. విదేశీ ఉద్యోగానికి అడిగే జీతం లేని సెలవును ఫలానా తేదీ నుంచి అని కాకుండా "రిలీవైన రోజు నుంచి" అని రాయించుకోండి. లేకపోతే వీసా కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చున్న నెలలన్నీ ఆ సెలవులోనే కరిగిపోతాయి. అనుమతి లేకుండా ఏడాది మించి గైర్హాజరైతే రాజీనామా చేసినట్టే లెక్క.

రేపు హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి ఎంబీ నంబర్ తెప్పించుకోండి మేడమ్. స్టేటస్‌లో ఏం చూపిస్తోందో ఇక్కడ రాస్తే, ఏ బల్ల దగ్గర ఆగిందో చెప్పడం కష్టం కాదు. నంబర్ మాత్రం ఎక్కడా పెట్టొద్దు, ఎవరికీ పంపొద్దు, నాకైనా సరే.