రిపోర్టులో ‘సెన్సిటివ్’, పొదుగులో తగ్గని వాపు

ప్రశ్న: మా సంకర జాతి ఆవుకు పొదుగువాపు. పాల పరీక్షలో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమి ఉందని తేలింది. పెన్సిలిన్ బిళ్ల చుట్టూ 26 మి.మీ., సెఫాక్సిటిన్ చుట్టూ 23 మి.మీ. వలయం వచ్చిందట. పెద్ద వలయం వచ్చిన పెన్సిలిన్‌కే ‘రెసిస్టెంట్’ (క్రిమి లొంగదు) అని రాశారు. పొరపాటా?
– పాడి రైతు, చేవెళ్ల

జవాబు: రిపోర్టు సరైనదే. ల్యాబ్ పళ్లెంలో అగర్ అనే జెల్లీ లాంటి పదార్థంపై క్రిమిని పూసి మందు బిళ్లలు పెడతారు. బిళ్ల చుట్టూ క్రిమి పెరగని ఖాళీయే వలయం. ఒక మందు వలయాన్ని ఇంకో మందు వలయంతో పోల్చకూడదు. బిళ్లలో ఎంత మందు ఉంది, అది అగర్‌లో ఎంత దూరం పాకుతుంది అన్నదాన్ని బట్టి ఒక్కో మందుకు ఒక్కో కొలత ఉంటుంది. ఈ క్రిమి మీద 10 యూనిట్ల పెన్సిలిన్ బిళ్లకు 29 మి.మీ. రావాలి. 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్‌కు 22 చాలు. అసలు సెఫాక్సిటిన్ బిళ్ల పెట్టేది ఆ మందు వాడటానికి కాదు, మెథిసిలిన్‌కు (పెన్సిలిన్ కుటుంబపు మందు) లొంగని రకమేమో పట్టుకోవడానికి. మీకు 23 వచ్చింది కాబట్టి ఆ రకం కాదు. పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైము ఉన్న క్రిమి అయ్యుంటుంది. దాన్ని తట్టుకునే క్లాక్సాసిలిన్ గురించి మీ పశువైద్యుడిని అడగండి.

ప్రశ్న: ‘సెన్సిటివ్’ (క్రిమి లొంగుతుంది) అన్న మందే వాడినా వాపు తగ్గలేదు. ఎందుకు?
– ఒక పాఠకురాలు, గుడివాడ

జవాబు: ముందు శాంపిల్‌ను అనుమానించండి. ఒక్క డోసు పడ్డాక తీసిన పాలలో అసలు క్రిమి పెరగకపోవచ్చు. మందు మొదలుపెట్టకముందే తీయాలి. మొదటి మూడు, నాలుగు ధారలు వదిలేసి, చన్ను కొనను 70 శాతం ఆల్కహాల్ దూదితో, దూదికి మురికి అంటనంత వరకు తుడవండి. తుడిచేటప్పుడు అవతలి చన్నులు ముందు, పాలు తీసేటప్పుడు ఇవతలివి ముందు. అప్పుడు తుడిచిన చన్నుకు మళ్లీ చేయి తగలదు. స్టెరైల్ గొట్టాన్ని ఏటవాలుగా పట్టి 5 మి.లీ. తీసి, ఏ చన్నుదో రాసి, ఐసు పెట్టెలో 24 గంటల్లోగా ల్యాబ్‌కు చేర్చండి. ఒకే శాంపిల్‌లో మూడు రకాల క్రిములు పెరిగాయంటే అది పేడ, చేతుల మురికే. ఆ రిపోర్టును పక్కన పెట్టండి.

ల్యాబ్‌ను కూడా ఒకమాట అడగండి. కొన్నిచోట్ల తొందరలో పాలనే నేరుగా అగర్ మీద పూసి బిళ్లలు పెడతారు. క్రిముల సంఖ్య ఎంతో తెలియదు, రకాలు కలిసిపోతాయి. ఆ వలయాల కొలతకు అర్థం లేదు. ముందు బ్లడ్ అగర్‌పై (రక్తం కలిపిన అగర్) ఒక్క రకాన్ని వేరుచేసి, సెలైన్‌లో 0.5 మెక్‌ఫార్లాండ్ (క్రిముల సంఖ్యను సూచించే ప్రామాణిక కొలత) చిక్కదనానికి కలిపి, ఈ పరీక్షకు వాడే ముల్లర్ హింటన్ అనే రకం అగర్‌ను 4 మి.మీ. మందంగా పోసి దానిపై పూయాలి. 35 డిగ్రీల వద్ద 16 నుంచి 18 గంటలు ఉంచి చూడాలి. అగర్ పలచనైతే వలయం పెద్దదై, పనిచేయని మందూ పనిచేసేలా కనిపిస్తుంది.

ఇవన్నీ సరిగా జరిగినా పాత స్టెఫైలోకాకస్ మొండిదే. కణాల లోపల, గట్టిపడిన కండలో దాక్కుంటుంది. ల్యాబ్ పళ్లెంలో క్రిమికి తగిలిన మందు పొదుగులో అక్కడికి చేరదు. పొదుగులో గడ్డలు తగిలే ముసలి ఆవుకు మందులు మార్చుకుంటూ పోవడం కన్నా ఆ చన్నును ఎండగట్టడమో, ఆవును మంద నుంచి తప్పించడమో మేలు. వైద్యం నడిచినన్నాళ్లూ, ఆపాక లేబుల్‌పై ఉన్న గడువు దాకా నాలుగు చన్నుల పాలూ పారబోయాలి. గడువు రాసిలేకపోతే మన దేశ నిబంధన ప్రకారం కనీసం 7 రోజులు.