టీకా వేయించినా గాలికుంటు ఎందుకొచ్చింది?

అన్నా, పలమనేరు దగ్గర మీ ఆరు ఆవులకూ టీకా వేయించినా రెండింటికి గాలికుంటు వచ్చిందని, టీకా నకిలీదేమోనని అడిగారు కదా. అంత తొందరగా ఆ మాట అనలేం.

గాలికుంటు తెచ్చే వైరస్‌లో 7 రకాలున్నాయి. ఒక రకానికి వచ్చిన రక్షణ ఇంకో రకానికి పనికిరాదు. మన దగ్గర వేసే టీకాలో వాటిలో ఓ, ఎ, ఏషియా-1 అనే మూడు రకాలుంటాయి. అయితే ఒకే రకంలోనూ వైరస్ మారుతూనే ఉంటుంది. దీని జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ; నకళ్లు తయారయ్యేటప్పుడు తప్పులు దొర్లుతాయి, వాటిని దిద్దే ఏర్పాటు దీనికి లేదు. ఆ మార్పులు పైపెంకులో పేరుకుంటే టీకా పట్టు సడలుతుంది.

కానీ నా అనుమానమంతా టీకా తేదీ మీద, కొత్తగా తెచ్చిన ఆవు మీద. టీకా వేసి ఆరు నెలలు దాటిందా? దాటితే రక్షణ తగ్గిపోతుంది. సంతలో కొన్న ఆవును వెంటనే మందలో కట్టేశారా? మా కొట్టంలో జరిగింది అదే, రెండో రోజుకే చొంగ మొదలైంది.

నాలుక మీది పొక్కు తాజాగా ఉన్నప్పుడే డాక్టరుగారితో శాంపిల్ తీయించండి. ఏ రకమో ల్యాబులోనే తేలుతుంది. జబ్బు ఆవుల దగ్గర దూడల్ని మాత్రం పాలకు వదలకండి. ఈ జబ్బు అంటితే దూడల గుండె దెబ్బతిని ఉన్నట్టుండి చనిపోతాయి. కొట్టం నేలను 4 శాతం వాషింగ్ సోడా నీళ్లతో కడగండి. పాలు పితికేటప్పుడు బాగున్న ఆవులు ముందు, జబ్బువి చివర్లో.