సిపాయి బొమ్మకు ఏ ఏటి దుస్తులు? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి ఉత్తరాల్లో రంగు సీసా పేరు అడిగినవాళ్ళే ఎక్కువ. సీసా తీయకముందే మూడు సంగతులు తేల్చుకోవాలి: బొమ్మలోని మనిషి ఏ ఏటివాడు, ఏ నేల మీద నిలబడ్డాడు, ఏ హోదావాడు. ఇవి తేలితే రంగుల పని సగం అయిపోయినట్టే.

ప్రశ్న: నా దగ్గర 54 మి.మీ. లోహపు బొమ్మ ఉంది. దక్కన్ హార్స్ బల్లెం రౌతు, 1916, ఫ్రాన్స్ అని పెట్టె మీద రాసి ఉంది. ఒక పాత బొమ్మల పుస్తకం చూసి ముదురాకుపచ్చ కుర్తా వేసిన. మా దోస్తు తప్పంటున్నడు. ఎవరిది కరెక్టు? – ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: మీ దోస్తు మాటే కరెక్టు. దక్కన్ హార్స్ గుర్రపు రెజిమెంటు. ఆకుపచ్చ ఆ రెజిమెంటుదే, కాని అది పరేడు దుస్తు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 జులై 14 సాయంత్రం ఫ్రాన్స్‌లోని సోమ్ ప్రాంతంలో హై వుడ్ దగ్గర దాడికి దిగిన రౌతులు ఖాకీలో ఉన్నారు. వాళ్ళది సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్. 20వ దక్కన్ హార్స్‌తో పాటు 7వ డ్రాగన్ గార్డ్స్, 34వ పూనా హార్స్ అందులోవే. ఆ రోజే కార్నాయ్ లోయలో బారులు తీరిన దక్కన్ హార్స్ ఫోటో లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది. ముందు దాన్ని చూడండి. పాత నలుపు తెలుపు ఫోటోలు చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: ఆ కాలపు ఫిల్ము చాలా మటుకు ఎరుపును దాదాపు నల్లగా, నీలాన్ని లేతగా చూపిస్తుంది. ఫోటోలో నల్లగా ఉందని నలుపు వేస్తే అక్కడే దెబ్బతింటారు.

ఖాకీ కూడా ఒకటే రంగు కాదు. నూలు డ్రిల్లు బట్ట ఇసుక రంగుకు దగ్గర. ఉన్ని సెర్జి బట్టలో గోధుమ రంగు ఎక్కువ, కొద్దిగా ఆకుపచ్చ ఛాయ. ట్యూబు రంగులతోనే కలుపుకోవచ్చు. డ్రిల్లుకు ఎల్లో ఆకర్ 3 వంతులు, తెలుపు 3, రా అంబర్ 1. సెర్జికి ఎల్లో ఆకర్ 4, రా అంబర్ 2, తెలుపు 2, నలుపు సూదిమొన మీద నిలిచేంత. ఆకర్‌లో నలుపు పడితే పచ్చదనం దానంతటదే వస్తుంది, విడిగా పచ్చ కలపొద్దు. నలుపు కాస్త ఎక్కువైతే మిలిటరీ ఆలివ్ అయిపోతుంది, అది మన ఇప్పటి సైన్యపు రంగు.

ఇప్పుడున్న ఆకుపచ్చ మీదే ఖాకీ పూయకండి. పొర మందమై మడతలు పూడిపోతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక రాత్రి నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టండి. (లోహం కాబట్టి ఇది చెప్తున్నాం. రెజిన్ బొమ్మను అలా రాత్రంతా ఉంచొద్దు.) తర్వాత బూడిద ప్రైమరు (రంగు పట్టడానికి ముందుగా వేసే పూత), ఖాకీ రెండు పలుచని పూతలు. ఆరాక బర్న్‌ట్ అంబర్ ఒక చుక్కకు నీళ్ళు ఎనిమిది చుక్కలు, మ్యాట్ మీడియం (మెరుపు లేకుండా రంగును పలుచన చేసే ద్రవం) ఒక చుక్క కలిపి మడతల్లోకి మాత్రమే దించండి. మీడియం లేకుండా ఉత్త నీళ్ళతో ఈ వాష్ (పలుచని రంగునీళ్ళ పూత) వేస్తే ఆరినచోట అంచు గీతలా మరకలు మిగులుతాయి. పైభాగాలకు అదే ఖాకీలో ఆకర్, తెలుపు సగం సగం కలిపి హైలైట్ ఇవ్వండి. పిక్కలకు చుట్టిన పట్టీలు వేరే నేత బట్ట, కాబట్టి కుర్తా కంటే ఒక పిసరు ముదురుగా ఉండాలి.

తలపాగాల దగ్గరే చాలామంది బొమ్మలు తప్పుతాయి. ఈ రెజిమెంటులో సిక్కులు, జాట్లు, దక్కనీ ముస్లింలు వేర్వేరు స్క్వాడ్రన్లుగా ఉండేవాళ్ళు. ముస్లిం రౌతు పాగా మధ్యలో కుల్లా అనే మొనదేలిన టోపీ కొస కనిపిస్తుంది, సిక్కు పాగాలో అది ఉండదు. మీ బొమ్మకు కుల్లా పోతపోసి ఉంటే గడ్డం కట్టి ఉన్న సిక్కు ముఖం పెట్టకండి. ఛాతీ మీద పెట్టెలాంటి గ్యాస్ రెస్పిరేటరు సంచి ఉంటే గీకేయండి, అది 1916 చివరికి గాని అందరికీ అందలేదు. జులైలో భుజానికి వేలాడే చిన్న సంచిలో గుడ్డ ముసుగే ఉండేది. బల్లేనికి ఎరుపు తెలుపుల జెండా పరేడులోనే అందం, మీరు వేసేది యుద్ధపు రౌతును కాబట్టి తీసేయండి.

అడుగు దిమ్మ సంగతి అడగలేదు గాని చెప్పాలి. మన చల్కా నేల ఎరుపు అక్కడ పనికిరాదు. సోమ్ నేల కింద సుద్దరాయి ఉంటుంది. తవ్విన మట్టి తెల్లగా తేలుతుంది. గుర్రం గిట్టల మీద, కాళ్ళ మీద లేత బూడిద తెలుపు దుమ్ము వేసి, చుట్టూ మోకాలెత్తు గోధుమ పైరు పెట్టండి.

ప్రశ్న: 28 మి.మీ. వాటర్లూ బ్రిటిష్ సెట్టు మొదలు పెట్టాను. అందరికీ ఒకే ఎరుపు వేస్తే సరిపోతుందా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: సరిపోదు. సాధారణ సిపాయి కోటు మంజిష్ఠ జాతి వేరుతో అద్దిన మొరటు ఉన్ని, ఇటుక ఎరుపుకు దగ్గర. ఎండా వానా పడ్డకొద్దీ గోధుమ వైపు తిరుగుతుంది. అధికారి కోటు కోచినీల్ పురుగు రంగుతో అద్దిన మేలు బట్ట, నిప్పులా ఉండే ఎరుపు. సిపాయికి ఎరుపు 3 వంతులు, బర్న్‌ట్ సియెన్నా 1. అధికారికి అదే ఎరుపు ఏమీ కలపకుండా. నీడకు బర్న్‌ట్ అంబర్, వెలుగుకు నారింజ కలపాలి. తెలుపు కలిపితే కోటు గులాబీ రంగు అవుతుంది.

కాలరు, ముంజేతి మడతల రంగు రెజిమెంటును బట్టి మారుతుంది: 33వది ఎరుపు, 42వది ముదురు నీలం, 44వది పసుపు. సార్జెంటు నడుము పట్టీ క్రిమ్సన్ రంగు, నడుమ రెజిమెంటు రంగు చార. 33వ వాళ్ళ రంగు ఎరుపే కాబట్టి ఆ చార తెల్లగా ఉంటుంది. అధికారి పట్టీకి చార లేదు. ఒక రెజిమెంటు అధికారులందరికీ గుండీలు, భుజకుచ్చులు బంగారు రంగైనా కావాలి, వెండి రంగైనా కావాలి. రెండూ కలిస్తే తప్పు. యుద్ధానికి ముందు రాత్రి, 1815 జూన్ 17న, కుండపోత వాన. బూడిద ప్యాంట్లు మోకాళ్ళ దాకా బురదతో ఉండాలి. తెల్లగా తళతళలాడే సెట్టు పరేడుకే గాని ఆ ఉదయానికి కుదరదు.

ప్రశ్న: నిర్మల్ పొనికి చెక్కతో చేసిన 15 సెం.మీ. సిపాయి బొమ్మకు బట్టల మీద వేసే అక్రిలిక్ రంగులు వాడొచ్చా? – ఒక పాఠకుడు, నిర్మల్

జవాబు: వద్దు. బట్టల రంగు ఆరినా రబ్బరులా మెత్తగా ఉంటుంది, చేయి తగిలినచోట దుమ్ము పట్టుకుంటుంది, పైగా మెరుస్తుంది. ఆర్టిస్టు అక్రిలిక్ ట్యూబులే తీసుకోండి. పొనికి తేలిక, మెత్తన, నీళ్ళు పీల్చుకుంటుంది. మొదటి పూత ఆరగానే నూగు లేస్తుంది, 400 నంబరు ఉప్పుకాగితంతో రుద్ది రెండో పూత వేయండి. పగుళ్ళకు మీ ఊరి పనివాళ్ళు వాడే చింతగింజల పిండి, రంపపు పొట్టు ముద్దే అన్నిటికంటే మంచిది. చిన్న బొమ్మల్లో రంగును ఒక మెట్టు లేతగా వేస్తాం, లేకపోతే ముదురు నీలం నల్లగా కనిపిస్తుంది. మీ బొమ్మ పెద్దది కాబట్టి అసలు బట్ట రంగుకు దగ్గరగానే ఉండనివ్వండి.

ప్రశ్న: కాకతీయ సైనికుల పటాలం చేస్తున్న, పది బొమ్మలు. అందరికీ ఎర్ర ధోవతి, పసుపు అంచు పెడదామనుకుంటున్న. ఓరుగల్లు సైన్యం యూనిఫాం రంగు ఏమిటి? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పదిమందికీ ఒకే రంగు, ఒకే కోత వేయకండి. ప్రభుత్వం కుట్టించి ఇచ్చే ఒకే రకం దుస్తు యూరప్‌లో కూడా 17వ శతాబ్దం రెండో సగంలోనే స్థిరపడింది. కాకతీయులది నాయంకరం. ఒక్కో నాయకుడు తన సీమ నుంచి తన మనుషులను తెచ్చేవాడు. కాబట్టి పది బొమ్మల్లో తేడాలు ఉండటమే చరిత్రకు దగ్గర.

ఆకారాల కోసం దూరం పోనవసరం లేదు. 1213 నాటి రామప్ప గుడి శిల్పాలు, ఊళ్ళలో నిలబెట్టి ఉన్న వీరగల్లులు చూడండి. బిగించి కట్టిన నడుము బట్ట, నడుములో బాకు, ముడివేసిన జుట్టు, చేతి డాలు పట్టే తీరు, అన్నీ అక్కడే దొరుకుతాయి. ఫోటో తీసేటప్పుడు ఉదయం ఏటవాలు ఎండలో తీయండి, మిట్టమధ్యాహ్నం ముడతలు కనపడవు. రాయి ఆకారం చెప్తుంది, రంగును అద్దకం నుంచి తెచ్చుకోవాలి. అద్దని నూలు మీగడ రంగు, చిరువేరు ఎరుపు, నీలిమందు నీలం, పసుపు. వీటిలోంచే ఎంచుకోండి. పది బొమ్మల్లో ఐదారుగురికి అద్దని నూలే ఇవ్వండి. మిగతావాళ్ళ ఎరుపు కూడా ఒకరిది కొత్తది, ఒకరిది ఉతికి వెలిసింది కావాలి. మెరిసే ఊదా, మజెంటా వేయకండి. బొగ్గు తారు నుంచి చేసే ఆ రకం రంగులు 1856లో ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త పెర్కిన్ మొదటిది కనిపెట్టాకే లోకంలోకి వచ్చాయి.

తోలుకు నల్లటి బూటు పాలిష్ రంగు వద్దు. తంగేడు చెక్కతో ఊనిన తోలు లేతగా, గోధుమ పసుపులో వస్తుంది. ఆకర్‌లో కాస్త బర్న్‌ట్ సియెన్నా చాలు. కత్తికి వెండిలా తళుకు కాకుండా ముదురు ఉక్కు రంగు వేసి, పదును అంచున మాత్రం సన్నగా మెరుపు గీయండి. కోనసముద్రం మూసల ఉక్కుకు పేరున్న సీమ మనది, ఆ ఉక్కు మీది అలల గీతలు ఈ సైజులో గీయబోతే మురికిలా కనిపిస్తాయి. బొమ్మల పెట్టెలో విడిగా వచ్చే, ఆయుధం పట్టిన చేతులు చాలావరకు మొఘలు కాలపువి. పిడి చివర పళ్ళెంలాంటి బిళ్ళ ఉన్న తల్వారు అయితే ఆ బిళ్ళ కోసేయండి. తుపాకీ చేతులు పక్కన పడేయండి, ఢిల్లీ సైన్యం ఓరుగల్లును ముట్టడించిన 1309–10 నాటికి అవి ఇక్కడ లేవు. జెండా పెడితే దాని మీద వరాహం ఉండాలి.

దిమ్మ మీద చల్కా ఎరుపు, గుండ్రాళ్ళు, తాటిచెట్టు, నల్లతుమ్మ బాగుంటాయి. సర్కారు తుమ్మ, వయ్యారిభామ మాత్రం పెట్టకండి. రెండూ అమెరికా ఖండాల మొక్కలు, కాకతీయులు చూసినవి కావు.

ప్రశ్న: 1803 అస్సాయే యుద్ధం మద్రాసు సిపాయిలకు పొడుగు ప్యాంట్లు వేయాలా? నుదుటి మీద బొట్టు పెట్టొచ్చా? – ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: ఎర్రకోటు కింద తొడల దాకా తెల్ల చల్లడం (పొట్టి లాగు), కాళ్ళకు చెప్పులు. పొడుగు ప్యాంట్లు తర్వాతి కాలానివి. బొట్టు, నామం పెట్టొచ్చు. వాటిని పరేడులో పెట్టొద్దని, గడ్డాలు తీయాలని, తోలు బిళ్ళ ఉన్న కొత్త తరహా తలపాగా పెట్టాలని ఆర్డర్లు వచ్చింది ఆ తర్వాతే, 1805–06లో. 1806 జులై 10న వేలూరులో సిపాయిలు తిరగబడటానికి ఆ ఆర్డర్లు పెద్ద కారణం. తర్వాత వాటిని వెనక్కి తీసుకున్నారు. మీ సెట్టు తలపాగాకు తోలు బిళ్ళ ఉంటే అది అస్సాయే సిపాయి కాదు.

ముఖానికి ‘ఫ్లెష్’ అని రాసిన సీసా వాడకండి. బర్న్‌ట్ సియెన్నా 2, ఆకర్ 2, బర్న్‌ట్ అంబర్ 1 కలిపి, ఆ ముద్దను మూడు భాగాలు చేసి ఒకదానిలో అంబర్, ఒకదానిలో ఆకర్ ఇంకాస్త వేయండి. వరుసలో మూడు ఛాయల మనుషులు వస్తారు. బొట్టు బ్రష్‌తో కుదరకపోతే టూత్‌పిక్ మొనతో అద్దండి.

ప్రశ్న: రెజాంగ్ లా వీరుల బొమ్మలకు ఎస్ఎల్ఆర్ (తనంతట తానే గుండు నింపుకునే) తుపాకీ సరైనదేనా? – ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: కాదు. 1962 నవంబరు 18న లదాఖ్‌లోని ఆ కనుమ దగ్గర చైనా సైన్యంతో పోరాడిన 13 కుమావ్ చార్లీ కంపెనీ చేతుల్లో ఉన్నవి .303 రైఫిళ్ళు. సియాచిన్ తరహా ఉబ్బు కోట్లు కూడా వద్దు, ఆ చలికి చాలని పలుచని దుస్తులతోనే పోరాడారు. మేజర్ షైతాన్ సింగ్ బొమ్మ ఛాతీ మీద పరమవీర చక్ర రిబ్బను పెట్టకండి, అది ఆయనకు మరణానంతరం ఇచ్చింది. ఊదా రిబ్బను కావాలంటే దిమ్మ ముందు పలక మీద వేయండి. అన్నట్టు, కుమావ్ రెజిమెంటు 1945 దాకా 19వ హైదరాబాద్ రెజిమెంటే.

ప్రశ్న: వానాకాలంలో మ్యాట్ వార్నిష్ స్ప్రే కొడితే బొమ్మంతా తెల్లగా బూజు పట్టినట్టయింది. పని పోయినట్టేనా? – ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: పోలేదు. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు స్ప్రే ఆరుతూ చల్లబడి ఆ తేమను పట్టుకుంటుంది, అందుకే తెలుపు. డబ్బా సరిగ్గా ఊపకపోయినా మ్యాట్ పొడి అడుగున ఉండి ముద్దగా పడి ఇదే జరుగుతుంది. నీటి ఆధారిత గ్లాసీ (మెరిసే రకం) వార్నిష్ ఒక పలుచని పూత బ్రష్‌తో వేయండి, చాలావరకు తెలుపు మాయమై రంగులు తేలుతాయి. ఒక రోజు ఆరనిచ్చి బ్రష్‌తోనే మ్యాట్ వేయండి. జులై నుంచి సెప్టెంబరు దాకా స్ప్రే మానుకోండి. మే నెలలో దీనికి ఎదురు ఇబ్బంది: ప్రైమరు గాలిలోనే ఆరిపోయి బొమ్మ మీద ఇసుకలా పడుతుంది. ఉదయం ఏడింటిలోపు, 20 సెం.మీ. దూరం నుంచి, చిన్న చిన్న విసుర్లుగా కొట్టండి. ఇసుకలా పడితే పైన రంగు వేయకుండా, ముందు మెత్తని బ్రష్‌తో దులిపి చూడండి. రాలకపోతే ప్రైమరు తీసేసి మళ్ళీ వేయండి.