ధర్నా చౌక్, కొత్త మీటరు, మా ఇంటి రేడియో బల్ల

మీరు అడిగింది ఇది: కాలనీ సమస్యల మీద నిరసనలకు వెళ్తారు, కొత్త టెక్నాలజీ అంటే నమ్మకం తక్కువ, అయినా ఇంటికి రాగానే సర్క్యూట్లు ముందేసుకుని కూర్చుంటారు. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగుతాయా, అన్నిటికీ సమయం ఎక్కడి నుంచి వస్తుంది అని మీ సందేహం. సమయం సంగతి చివర్లో చెప్తాను. పొసగడం గురించి మాత్రం నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఇంట్లో చేసే చేతిపని వల్లే నా అనుమానానికి ఒక కొలత వచ్చింది, ఆ కొలత వల్లే ధర్నాలో నేను ఏం అడగాలో నాకు తెలిసింది.

మాది విజయవాడ. పగలు ఒక రవాణా కంపెనీలో లెక్కలు రాస్తాను. సాయంత్రాలు పాత వాల్వు రేడియోలు, అంటే ట్రాన్సిస్టర్లకు ముందు గాజు గొట్టాలతో పనిచేసిన సెట్లు, బాగుచేస్తాను, డబ్బుకు కాదు, సరదాకే. మా మేనమామకు రేడియో రిపేరు షాపు ఉండేది. సెలవుల్లో అక్కడే టంకం వేయడం నేర్చుకున్నాను. ఎవరైనా సెట్టు తెచ్చి "వాల్వు పోయిందండీ" అంటే ఆయన తల ఊపి, వాళ్ళు వెళ్ళాక నా వైపు తిరిగి "ముందు వోల్టేజీ చూడరా, తర్వాత వాల్వును తిట్టుకుందువు గాని" అనేవాడు. చాలాసార్లు వాల్వు శుభ్రంగా ఉండేది. లోపల ముప్ఫై నలభై ఏళ్ళ నాటి కాగితపు కండెన్సరు (కరెంటును కాసేపు నిలవ ఉంచే చిన్న భాగం) ఒకటి లీకై, దాని పాపం వాల్వు మోస్తూ ఉండేది. ఆ కండెన్సరు విలువ చాలా తక్కువ. కొత్త వాల్వు కోసం మాత్రం ఊళ్ళు తిరగాలి.

ఇక నిరసన సంగతి. కరెంటు బిల్లు అంటే మన వాళ్ళకు ఉత్త బిల్లు కాదు. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది, మరుసటి ఏడు విద్యుత్ బోర్డును విడదీశారు, ఆ వెంటనే ఛార్జీలు పెరిగాయి. 2000 ఆగస్టు 28న ఛార్జీల పెంపు మీద చలో అసెంబ్లీకి బయలుదేరిన ప్రదర్శనపై హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. అందుకే ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్ల (ముందే డబ్బు కట్టి వాడుకునే, రీడింగును తామే పంపే మీటర్ల) మాట వచ్చి, అలంకార్ సెంటర్ దగ్గర ధర్నా చౌక్‌లో టెంటు వేసినప్పుడు వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఇది ఒక పార్టీ వ్యవహారం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినా ఈ మీటర్ల మీద నిరసనలు ఆగలేదు.

ఆ రోజుల్లోనే మా అపార్ట్‌మెంటులో మీటర్లు మార్చారు. చక్రం తిరిగే పాత మీటరు పోయి, అంకెలు వెలిగే మీటరు వచ్చింది. కింది ఫ్లాటు పిన్నిగారికి బిల్లు ఒక్కసారిగా పెరిగింది. ఆమె మెట్ల మీద నన్ను ఆపి, "ఏమండీ, ఈ స్మార్ట్ మీటరు గాలికి కూడా తిరుగుతుందట కదా?" అన్నారు. "తిరగడానికి అందులో చక్రమే లేదు పిన్నిగారూ" అన్నానే గానీ, ఆమె బాధ నిజమే. ఉన్నది ఇద్దరు మనుషులు, ఏసీ లేదు. ధర్నా నడిపే మా కాలనీ కమిటీ వాళ్ళు ఆమెను ధర్నాకు తీసుకెళ్ళి మైకు ముందు మాట్లాడించాలని అప్పటికే నిశ్చయించారు.

ముందు మీటరు మీద ఏం రాసి ఉందో చూశాను. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఐఎస్‌ఐ గుర్తు పక్కన ఒక ప్రమాణం సంఖ్య ఉంటుంది. ఐఎస్ 13779 అయితే అది మామూలు ఎలక్ట్రానిక్ మీటరు. స్మార్ట్ మీటరైతే ఐఎస్ 16444 అని ఉంటుంది. ఆమెది 13779. అంటే మేమంతా స్మార్ట్ మీటరని తిట్టిపోస్తున్నది అసలు స్మార్ట్ మీటరే కాదు!

తర్వాత దీపం లెక్క. ప్రతి ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్ర దీపం మినుకుమినుకుమంటుంది. దాని పక్కన యూనిట్‌కు ఎన్నిసార్లు వెలుగుతుందో రాసి ఉంటుంది. ఆమె మీటరు మీద 3200. అంటే 3200 సార్లు మినుక్కుమంటే ఒక యూనిట్. వంద వాట్ల బల్బు ఒక్కటే వేసి ఉంటే, దీపం సుమారు 11 సెకన్లకోసారి వెలగాలి. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె వేడెక్కుతున్నంతసేపు నిమిషానికి 53 సార్లు వెలగాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇస్త్రీపెట్టె మీద రాసిన వాట్లు 230 వోల్టులకు. సాయంత్రం వోల్టేజీ 210కి పడితే అదే పెట్టె సుమారు 834 వాట్లే తీసుకుంటుంది, దీపం నిమిషానికి 44 సార్ల దగ్గర ఆగుతుంది. అందుకే మల్టీమీటరుతో వోల్టేజీ చూసుకోకుండా ఈ లెక్క వేయకూడదు. మామయ్య మాట మళ్ళీ అక్కడికే వచ్చింది.

పిన్నిగారి మీటరు ఈ పరీక్షలో నెగ్గింది. ఇస్త్రీపెట్టె లెక్క సరిపోయింది. కానీ ఇంట్లో ఎంసీబీలన్నీ (ఇంటి లైన్లకు కరెంటు ఆపే మీటలు) దించేసి చూస్తే దీపం ఆగలేదు. తీరిగ్గా, కాస్త ఆగి ఆగి, వెలుగుతూనే ఉంది. పక్కనే ఎర్త్ లీకేజీ, అంటే ఇంట్లోకి వచ్చే కరెంటూ తిరిగి వెళ్ళే కరెంటూ సరిపోవడం లేదని, సూచించే ఇంకో దీపం నిలకడగా వెలుగుతోంది.

సంగతి ఇదీ. కరెంటు ఇంట్లోకి వచ్చే తీగ ఫేజు, తిరిగి వెళ్ళే తీగ న్యూట్రల్. పాత చక్రం మీటరు ఫేజు తీగలో పారే కరెంటునే కొలిచేది. దొంగతనం పట్టుకోవడానికి ఇప్పటి మీటర్లు ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ కొలుస్తాయి. రెండింటి మధ్య తేడా వస్తే, ఎక్కువ ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. మన అపార్ట్‌మెంట్లలో వైరింగు చేసేటప్పుడు ఫేజు విషయంలో ఉన్న శ్రద్ధ న్యూట్రల్ విషయంలో ఉండదు. దగ్గరలో ఏ న్యూట్రల్ కనిపిస్తే దానికి కలిపేస్తారు. మెట్ల దీపాల న్యూట్రల్ తెచ్చి పిన్నిగారి ఇంటి న్యూట్రల్‌కు కలిపారు. పాత మీటరుకు అది కనిపించలేదు, కొత్తదానికి కనిపించింది. మెట్ల దీపాలు వెలిగినంతసేపూ ఆమె మీటరు పరిగెత్తింది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఆ జాయింటు విడదీశాడు. ఎంసీబీలు దించితే దీపం బుద్ధిగా ఆగిపోయింది.

ఈ మాట కమిటీలో చెప్పినప్పుడు కొందరికి నచ్చలేదు. "ఇప్పుడు ఇది బయటపెడితే మన వాదన పలచబడుతుంది కదా" అన్నారు. పలచబడదని నేను పట్టుబట్టాను. అధికారి ఎవరైనా వచ్చి ఇదే పరీక్ష టెంటు ముందు చేసి చూపిస్తే, ఆ తర్వాత మనం చెప్పే నిజమైన మాట కూడా ఎవరూ వినరు. చివరికి పిన్నిగారి ఉదాహరణ తీసేశారు. ఆమె ధర్నాకు వచ్చారు గానీ మైకు పట్టుకోలేదు. నాకు తెలిసి ఆమెకూ అదే హాయి.

మరి ఏం అడిగాం? 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 47(5) ప్రకారం వినియోగదారుడు ప్రీపెయిడ్ మీటరుకు సిద్ధపడితే అతని దగ్గర సెక్యూరిటీ డిపాజిట్ అడగకూడదు. ఆ మాటల తీరులోనే అది వినియోగదారుడి ఇష్టమని ఉంది. 2019 డిసెంబరులో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలను సవరించి, కొత్తగా పెట్టే మీటర్లు ప్రీపెయిడ్ సదుపాయం ఉన్న స్మార్ట్ మీటర్లు కావాలంది. 2021 నాటి కేంద్ర పథకం దేశమంతటా 25 కోట్ల మీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. చట్టంలో ఇష్టంగా ఉన్నది నిబంధనల్లో విధిగా ఎలా మారింది? ఇది అడగదగిన ప్రశ్న. దీనికి మీటరు వేగంతో సంబంధం లేదు.

రెండోది సమాచారం. స్మార్ట్ మీటరు పావుగంటకో అరగంటకో ఒకసారి మీ వాడకాన్ని నమోదు చేసి పంపుతుంది. ఇంట్లో ఎవరూ లేని వేళలు, పొద్దున్నే గీజరు వేసే వేళ అందులో గీత గీసినట్టు కనిపిస్తాయి. ఆ లెక్క ఎవరి దగ్గర ఉంటుంది, ఎంతకాలం ఉంటుంది, ఎవరికి ఇస్తారు? మూడోది దూరం నుంచే సరఫరా నిలిపేసే మీట. బ్యాలెన్సు అయిపోతే మనిషి ఇంటికి రానక్కర్లేదు, కరెంటు పోతుంది. రాత్రి వేళ ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న రోగి ఇంట్లో అయితే?

ఈ మీటర్లతో లాభాలు లేవని నేను అనను. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఎంత వృథా అవుతోందో తెలుస్తుంది, రీడింగు ఆలస్యాలు ఉండవు. 2023లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం స్మార్ట్ మీటరు పెట్టాక పగటిపూట సౌరవిద్యుత్ వేళల్లో రేటు తగ్గాలి, రద్దీ వేళల్లో పెరగాలి. పగలు ఇంట్లో ఉండి మోటారు వేసుకోగలిగిన వారికి ఇది మంచిదే. పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చే కూలీ ఇంటికి కాదు.

టెక్నాలజీ మీద నా అనుమానం యంత్రం మీద కాదని మీకు అర్థమై ఉంటుంది. దాని అంకెను మనిషి ఎవరైనా సరిచూస్తారా లేదా అన్నదే నా ప్రశ్న. తెలంగాణలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను ఇంటికి వెళ్ళి చూడకుండా కంప్యూటర్ లెక్కల మీద రద్దు చేశారన్న వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు క్షేత్రస్థాయి పరిశీలన జరపమంది. కంప్యూటర్లే వద్దని అక్కడ ఎవరూ వాదించలేదు. గడప తొక్కి చూడమన్నారు, అంతే.

మీటర్ల విషయంలోనూ అలాంటి దారి ఒకటి ఉంది, చాలామందికి తెలియదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం, రీడింగు వాడకానికి సరిపోవడం లేదని మీరు ఫిర్యాదు చేస్తే, అయిదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి కనీసం మూడు నెలలు పోల్చి చూడాలి. మా కరపత్రంలో నినాదాల కంటే పెద్ద అక్షరాల్లో వేయించింది దీన్నే. అయితే ఫిర్యాదు చేసే ముందు బిల్లులో రూపాయలు కాదు, యూనిట్లు చూడండి. యూనిట్లు పెరగకుండా రూపాయలు పెరిగితే, అది మీటరు పాపం కాదు, ఇంధన సర్దుబాటు లాంటి ఛార్జీలది. ఆ పోరాటం విద్యుత్ నియంత్రణ మండలి దగ్గర. ఏటా టారిఫ్ ప్రతిపాదనల మీద అభ్యంతరాలు పిలుస్తారు, మామూలు మనిషి కూడా రాసి పంపవచ్చు. మన ఊళ్ళలో ధర్నాకు వచ్చినంత మంది అభ్యంతరం రాయడానికి కూర్చోరు. ఎందుకో నాకు ఎప్పటికీ అంతుపట్టదు.

ఇక సమయం. నిరసన పనికి వారంలో ఒక సాయంత్రం ఇస్తాను, ధర్నా ఉంటే ఆదివారం. మిగతా సాయంత్రాలు బల్ల దగ్గరే. ఒక్క నియమం మాత్రం పెట్టుకున్నాను. సమావేశం నుంచి కోపంగా వచ్చిన రోజు వాల్వు సెట్టు ముట్టుకోను. అందులో 250 వోల్టులో, ఇంకా ఎక్కువో ఉండవచ్చు, ప్లగ్గు తీసినా కండెన్సర్లలో కాసేపు మిగిలే ఉంటుంది. బుర్రలో ఇంకా వాదన నడుస్తుంటే చెయ్యి వెళ్ళకూడని చోటికి వెళ్తుంది. అలాంటి రోజుల్లో నాబ్‌లు సబ్బునీళ్ళలో కడగడమో, చెక్క పెట్టెకు పాలిష్ పట్టడమో చేస్తాను. పెద్దగా ఆలోచించక్కర్లేని పని. మా ఆవిడకు కూడా ఆ రోజులే ఇష్టం, టంకం వేసేటప్పుడు వచ్చే ఫ్లక్స్ పొగ ఉండదు కదా. ఇంకో సంగతి, చవక ఎల్‌ఈడీ బల్బులూ ఛార్జర్లూ మీడియం వేవ్ మీద చేసే గోల వినాలంటే వాల్వు రేడియో కంటే మంచి పరికరం లేదు. బల్బులు ఒక్కొక్కటీ ఆర్పుకుంటూ పోతే దొంగ దొరికిపోతుంది.

మీరు కూడా దీపం లెక్క వేసి చూడాలనుకుంటే మీటరు మీద 3200 ఉందో, 1600 ఉందో, ఇంకేదైనా ఉందో ముందు చదువుకుని లెక్క మార్చుకోండి. బయట నుంచి చూసి లెక్కపెట్టడం వరకే. ఎంత అనుమానం ఉన్నా మీటరు సీలు మాత్రం ముట్టుకోవద్దు. విద్యుత్ చట్టం సెక్షన్ 138 కింద మీటరును కదిలిస్తే మూడేళ్ళ వరకు జైలు, పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. వైరింగు వైపు సమస్య అయితే మీ ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, మీటరు వైపు అయితే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.