సైకిల్ టాక్సీ బోర్డులో ‘ఒంగోలు జిల్లా’ తప్పా?

ప్రశ్న: మాస్టారూ, మాది కందుకూరు. వెలిసిపోయిన దుకాణాల బోర్డుల్ని ఫొటో తీసి, లాప్‌టాప్‌లో ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ గీయడం నా సరదా. ఈమధ్య మా వీధి తాతగారి అటక మీద సైకిల్ టాక్సీ రేకు బోర్డు దొరికింది. ‘ఇచ్చట సైకిళ్ళు అద్దెకు ఇవ్వబడును’లో ‘అద్దెకు’ దాదాపు పోయింది. అడుగున చిన్నగా ‘కందుకూరు, ఒంగోలు జిల్లా’ అని ఉంది. పెయింటర్ పొరపాటు పడ్డాడా? ప్రకాశం అని దిద్దనా, 2022లో మార్చినట్టు నెల్లూరు అని వేయనా? ఏ ఫాంటు వాడమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: దిద్దకండి తల్లీ! ఆ బోర్డుకి ప్రాణం ఆ ముక్కే. 1970 ఫిబ్రవరి 2న కొత్త జిల్లా ఏర్పడినప్పుడు దాని పేరు ఒంగోలు జిల్లానే. ప్రకాశం పంతులుగారి పేరు పెట్టింది 1972లో. 1970కి ముందు మీ ఊరు నెల్లూరు జిల్లాలోదే, 2022 ఏప్రిల్‌లో మళ్లీ అక్కడికే చేరింది. పెయింటర్ తారీఖు వేయలేదు గానీ జిల్లా పేరుతో ఆ పని చేసిపెట్టాడు. అలవాటు కొద్దీ మరో ఏడాది పాత పేరే రాశారేమో, అంతే తేడా.

ఇక ఫాంటు. ఏదీ వద్దు. నేను నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక బోర్డు ఆర్టిస్టు దగ్గర మూడేళ్లు బ్రష్షులు కడిగినవాణ్ణి. ఆయన సుద్దపొడి అద్దిన దారాన్ని రేకు మీద బిగబట్టి, వేలితో లాగి వదిలేవాడు. టప్పున గీత పడేది. దాని మీద అక్షరాలు, ఒక్కో తలకట్టు ఒక్కో విసురు. మీ బోర్డులో ‘ఇచ్చట’లో ఇ, ‘ఇవ్వబడును’లో ఇ పక్కపక్కన పెట్టి చూడండి. అక్కచెల్లెళ్లలా ఉంటాయి గానీ కవలల్లా ఉండవు. ఒకటి గీసి రెండోచోట కాపీ పేస్టు చేశారో, అది ఫ్లెక్సీ అయిపోతుంది.

‘అద్దెకు’ కోసం కావలసిన ద, క రెండూ కింద ‘కందుకూరు’లోనే ఉన్నాయి. అలాగని వాటిని పెద్దవి చేసి అతికించకండి. చిన్న వరసని సన్న బ్రష్షుతో రాస్తారు, పెద్దవి చేస్తే తీరు కుదరదు. అక్షరం వంపు మాత్రం అక్కణ్ణుంచి తీసుకుని, లావు పక్కనున్న ‘సైకిళ్ళు’ని చూసి వేయండి. ఫొటోని సాఫ్ట్‌వేరే గీతలుగా మార్చే ఆటోమేటిక్ ట్రేస్ జోలికి పోవద్దు, తుప్పు మరకని కూడా ఒత్తు అనుకుంటుంది. ఫొటోని కింది లేయరులో పెట్టి, మసక చేసి, లాక్ చేసి, పెన్ టూల్‌తో మీ చేత్తోనే గీయండి.

ఫొటో మాత్రం సాయంత్రం తీయండి. ఏటవాలు ఎండలో ఎనామిల్ మందం నీడ పడి, పోయిందనుకున్న గీతలు పైకి తేలతాయి. తడిగుడ్డతో మెల్లగా అద్దితే కాసేపు ఇంకా తేటపడతాయి. రుద్దకూడదు సుమా! ఒకసారి సోడా కొట్టు బోర్డుని సబ్బుపొడి వేసి తోమి, మిగిలిన కాస్త నీలాన్నీ తూముపాలు చేశాను. కొట్టాయన నాతో చాన్నాళ్లు మాట్లాడలేదు.

రంగు ఎలా ఉండేదో తెలియాలంటే చెక్క ఫ్రేము అంచు కింద చూడండి. ఎండ తగలని ఆ అరంగుళంలో అసలు ఎరుపు మిగిలి ఉండొచ్చు. మేకులు తీసేటప్పుడు తాతగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. బోర్డు రాసిందెవరో ఆయనకి గుర్తుంటే, ఆ పేరు మీ ఫైలులో రాసి పెట్టుకోండి.