శ్రీకాకుళంలో ఒకరు 1970ల నాటి పాత అకౌస్టిక్ గిటార్ 18 వేలకి ఇస్తామంటున్నారు. కొనొచ్చా?

18 వేలకైతే వద్దు. చూడకుండానే ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మీ ప్రశ్న కింద రాసిన మాట వల్ల: "చెక్క పాతబడే కొద్దీ నాదం పెరుగుతుందని అమ్మేవాళ్లు చెప్తున్నారు." ఆ మాట సాలిడ్ చెక్కతో, అంటే పొరలు అతికించని అసలు చెక్కతో, చేసిన గిటార్లకి చెప్పేది. హౌరా-మద్రాసు లైను మీద ఉన్న ఊళ్లు మనవి, ఆ రోజుల్లో ఇటు దిగినవి చాలావరకు కలకత్తా సరుకే. వాటిలో ఎక్కువ ప్లైవుడ్. ప్లైవుడ్‌కి యాభై ఏళ్లు నిండినా అది ప్లైవుడ్డే. తేల్చుకోవడం కూడా కష్టం కాదు. మధ్యలో ఉండే గుండ్రటి రంధ్రం అంచు మీద టార్చి వేయండి. పైన కనిపించే చెక్క గీతలు అంచు మందంలోకి కూడా దిగితే సాలిడ్. పొరలు పొరలుగా కనిపిస్తే మీ పని అయిపోయింది, టీ తాగి వచ్చేయండి.

నేను పాత గిటార్ కొన్నది ఆమదాలవలసలో, రిటైరైన రైల్వే గార్డు గారి ఇంట్లో. విజయనగరం నుంచి పాసింజర్ ఎక్కి వెళ్లాను. రేకుల ఇల్లు, గిటార్ బీరువా మీద దుప్పటి చుట్టుకుని పడుంది. ఆయన ముందు కథ మొదలుపెట్టారు. ఖరగ్‌పూర్‌లో పనిచేసేటప్పుడు ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజిన్ డ్రైవరు దగ్గర కొన్నారట, ఆ డ్రైవరు క్రిస్మస్‌కి వాయిస్తే కాలనీ అంతా వచ్చేదట. కథ చాలా బాగుంది. ధర 15 వేలు. నా లెక్కలో అందులో పదివేలు ఆ డ్రైవరు గారికే.

నేను జేబులోంచి స్టీలు స్కేలు తీశాను. మెడ వెంబడి ఒంటి కన్నుతో చూసి, ఫ్రెట్ల మీద, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్ల మీద, స్కేలు మెడ పొడవునా పెట్టాను. దాని కొస సరిగ్గా బ్రిడ్జ్ (గిటార్ పొట్ట మీద తీగలు కట్టే చెక్క ముక్క) పై అంచుని తాకుతూ వెళ్లాలి. బ్రిడ్జ్ చెక్కకి గుద్దుకుంటే మెడ ముందుకు వంగినట్టే, మెడ ఊడదీసి మళ్లీ కూర్చోబెట్టాలి, ఆ ఖర్చు మీ గిటార్‌ని మించిపోవచ్చు. ఇక్కడ కొస సరిగ్గా తాకింది. నమ్మలేక రెండోసారి పెట్టి చూశాను. ఆయనకి చిర్రెత్తుకొచ్చింది.

"ఏటి బాబూ, సంతలో ఎద్దుకి పళ్లు సూసినట్టు సూస్తన్నావ్?"

లోపల్నుంచి వాళ్లావిడ అందుకున్నారు: "సూడనీండి. ఆ మోత బరించలేక నానే తీగలన్నీ తీయించీసినాను, పిల్లలు సిన్నప్పుడు." అప్పుడర్థమైంది మెడ ఎందుకు నిలబడిందో. స్టీలు తీగలు ఆరూ బిగిస్తే 70 కిలోల పైన లాగుతాయి, అదీ రాత్రీపగలూ. ఆవిడ విసుగు పుణ్యమా అని ఆ బరువు ఏళ్ల తరబడి దాని మీద లేదు.

కానీ బ్రిడ్జ్ లేచిపోయింది. రేకుల కింద ఎండాకాలం వేడికి జిగురు పట్టు వదిలింది. నా పాసింజర్ టికెట్టు బ్రిడ్జ్ వెనక అంచు కింద పెడితే సగం దాకా దూరింది. ఆ టికెట్టు అలాగే వదిలేసి ఆయనకి చూపించాను. రైల్వే మనిషి కదా, టికెట్టు కనపడగానే వంగి చూశారు. నేను ఐదు అన్నాను. ఆయన పన్నెండు అన్నారు. ఆవిడ "ఇచ్చీండి, బీరువా మీద జాగా ఖాళీ అవుతాది" అన్నారు. ఏడు వేల దగ్గర తెగింది.

తర్వాత అసలు సమస్య. దీన్ని అతికించేదెవరు? మా విజయనగరంలో సంగీత కళాశాల 1919 నుంచి ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు. ఇంత ఘనత ఉన్న ఊళ్లో గిటార్ బ్రిడ్జ్ అతికించే మనిషి నాకు దొరకలేదు. చివరికి బొబ్బిలి దగ్గర గొల్లపల్లి పట్టుకెళ్లాను, వీణలు చేసే చోటికి. పనస దుంగని తొలిచి వీణ చేసే మనిషికి ఇదొక లెక్కా? పాత జిగురంతా ఉలితో ఓపిగ్గా గీకి, కొత్తది రాసి, బిగించి, "రేపటి దాకా ముట్టుకోకండి మాస్టారూ" అన్నాడు. అది ఇప్పటికీ కదల్లేదు. ఫ్రెట్లు అరిగితే మాత్రం తన వల్ల కాదన్నాడు. వీణ మెట్లు మైనంలో ఉంటాయి, తేడా వస్తే మైనం తీసి మళ్లీ మేళం కడతారు. గిటార్‌కి ఆ సుఖం లేదు, ఫ్రెట్టు గాడిలో దిగ్గొట్టి ఉంటుంది, పీకి మార్చాలంటే వేరే పనిముట్లు, వేరే చెయ్యి. దానికి విశాఖ పోవాల్సిందే. రైల్లో ఆ పెట్టె చూడగానే ఎవరో ఒకరు "ఓ పాట కొట్టండి మాస్టారూ" అంటారు, అది అదనం.

ఇక తీగల సంగతి అడక్కండి. లైట్ గేజ్, అంటే సన్న రకం తీగలు, కావాలంటే షాపువాడు తన దగ్గరున్నదే లైట్ అంటాడు. కవరు తెరిస్తే సగం తుప్పు. గిటార్‌కి 45 నుంచి 55 శాతం తేమ మంచిదని కంపెనీలు చెప్తాయి, మన సముద్రపు గాలికి అది నవ్వొచ్చే అంకె. వానాకాలంలో పై చెక్క ఉబ్బి తీగలు ఎత్తు లేస్తాయి. పాత గిటార్ కొంటే ఇదంతా మీ నెత్తినే.

మీ దానికి వస్తే, వాళ్లు పంపిన ఫొటోలన్నీ ముందు వైపువే అయ్యుంటాయి, అందరూ అంతే. మెడ పక్క నుంచి ఒకటి, బ్రిడ్జ్ వెనక అంచుది ఒకటి, మొదటి మూడు ఫ్రెట్లవి దగ్గర నుంచి ఒకటి అడగండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు కొలవమనండి: రెండున్నర మిల్లీమీటర్ల చుట్టూ ఉంటే బాగున్నట్టు, నాలుగు దాటి, శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్నటి పట్టీ) కూడా అప్పటికే అరగదీసేసి ఉంటే మాట్లాడొద్దు. మెడ వంపు సరిచేయడానికి లోపల తాళం చెవితో తిప్పుకునే కడ్డీ, ట్రస్ రాడ్, ఉందో లేదో కూడా కనుక్కోండి. అమెరికాలో పేరున్న మార్టిన్ అంతటి గిటార్ కంపెనీయే 1985 దాకా అది పెట్టలేదు. అది లేని మెడ వంగితే తాళం చెవితో సరిచేసేది కాదు. తీగలు బిగించే కీలు బిగుసుకుపోయాయా, పాలిష్ పోయిందా అన్నవి పట్టించుకోకండి, అవి చిన్న ఖర్చులు.

అన్నీ బాగుండి సాలిడ్ చెక్క అయితే పది దాకా వెళ్లండి. ప్లైవుడ్ అయితే మూడు. ఒప్పుకోకపోతే ఆ పదివేల చుట్టుపక్కల కొత్త గిటార్ బిల్లుతో, వారంటీతో వస్తుంది, అదే తెచ్చుకోండి.