బాలీమీనా వార్డులో నీకు పనికొచ్చే నాలుగు మాటలు

అమ్మలూ,

ఐఈఎల్‌టీఎస్‌లో అంత మంచి స్కోరు తెచ్చుకుని కూడా, నర్సుగా చేరిన వార్డులో ఆ పెద్దాయన మాట ఒక్క ముక్క అర్థం కాలేదని బెంగపెట్టుకున్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ ఇంగ్లీషుకేం ఢోకా లేదు. ఆయన మాట్లాడింది అల్‌స్టర్-స్కాట్స్, అంటే స్కాట్లాండ్ వాళ్ల మాటకు ఇక్కడి రూపం. 1606 నుంచి స్కాట్లాండ్ పల్లపు ప్రాంతాల రైతులు సముద్రం దాటి నార్తర్న్ ఐర్లండ్‌లోని ఈ ఆంట్రిమ్, డౌన్ కౌంటీల్లో స్థిరపడుతూ వచ్చారు. దూరమూ పెద్దగా లేదులే, మబ్బు లేని రోజున ఆంట్రిమ్ తీరం నుంచి చూస్తే స్కాట్లాండ్ కనిపిస్తుంది.

ముందు డ్యూటీ సంగతి. పేషెంటు 'ఆక్‌స్టర్' నొప్పి అంటే చంకలో అని. 'బోక్' అన్నారంటే వాంతి, వెంటనే బేసిన్ అందుకో. 'ఫౌండర్డ్' అంటే చలికి బిగుసుకుపోయారు, ఇంకో దుప్పటి కప్పు. 'స్కన్నర్డ్' అంటే విసుగెత్తిపోయారు, రెండు నిమిషాలు పక్కన కూర్చో. 'థోల్' చేస్తాననే వాళ్లతో మాత్రం జాగ్రత్త. ఓర్చుకుంటానని దానర్థం. ఇక్కడి పాతకాలపు రైతులు నొప్పి పదికి ఎంత అని అడిగితే మూడంటారు, మొహం చూస్తే ఎనిమిది కనిపిస్తుంది. మొహం చూసి మళ్లీ అడుగు.

అర్థం కాకపోతే ఇంకోసారి చెప్పమను, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ యాసలో నువ్వు మాట్లాడబోకు. ఈ మాటలు బడిలో అన్నందుకు తిట్లు తిన్న తరం అది, వెక్కిరిస్తున్నావనుకుంటారు. 2021 జనాభా లెక్కల్లో నార్తర్న్ ఐర్లండ్‌లో నూటికి పదిమంది తమకు అల్‌స్టర్-స్కాట్స్ ఎంతో కొంత వచ్చని చెప్పుకున్నారు. ఒకప్పుడు దాచుకున్న మాటే ఇది.

సెలవు రోజున గదిలో ముసుగుతన్ని పడుకోకు. ఊరి హాలుకు వెళ్లు. 1999లో పెట్టిన అల్‌స్టర్-స్కాట్స్ ఏజెన్సీ సాయంతో చాలాచోట్ల ఫిడేలు, బ్యాగ్‌పైపు, హైలాండ్ డాన్సు నేర్పుతున్నారు. నీకు చిన్నప్పటి వయొలిన్ ఉండనే ఉంది. వీలైతే లాంబెగ్ డ్రమ్ కూడా దగ్గరగా చూడు. మనిషి మెడకు తగిలించుకుంటే వెనకాల మనిషే కనబడనంత పెద్దది. రెండు వైపులా మేకతోలు, రెండు చేతుల్లో సన్నటి బెత్తాలు. మనవాళ్లు డప్పుని మంట దగ్గర కాచి బిగిస్తే, వీళ్లు తాళ్లు లాగి బిగిస్తారు, దానికే చాలాసేపు పడుతుంది. పోటీల్లో చేతివేగం ఒక్కటే కాదు, తోలు పలికే నాదానికీ మార్కులుంటాయి. హాల్లో మోగిస్తే మాత్రం చెవులు గింగిర్లెత్తుతాయి, బయట విను.

హాల్లో టీతో పాటు 'ఫిఫ్టీన్స్' పెడతారు. పదిహేను బిస్కెట్లు, పదిహేను మార్ష్‌మాలోలు, పదిహేను చెర్రీలు, వాటిని కలిపే కండెన్స్‌డ్ మిల్క్, పైన కొబ్బరి. మార్ష్‌మాలోలో సాధారణంగా జెలటిన్ ఉంటుంది, నువ్వు శాకాహారివి కదా, చూసుకో. నువ్వు ఒక పళ్లెం కొబ్బరి లౌజు పట్టుకెళ్లు. ఆ రుచి వాళ్లకు కొత్తేం కాదు, ఇట్టే ఖాళీ అవుతుంది.

ఇక నీ టెన్షన్ సంగతి. 2025 జూన్‌లో బాలీమీనాలో వలస వచ్చినవాళ్ల ఇళ్ల మీద దాడులు జరిగిన మాట నిజం, నీ దగ్గర దాచను. జూలై 11 రాత్రి పెద్ద పెద్ద మంటలు వేస్తారు, అటు పోవద్దు. మర్నాడు 1690 నాటి బోయిన్ యుద్ధం పేరుతో, అంటే ప్రొటెస్టెంట్ రాజు విలియం కాథలిక్ రాజు జేమ్స్‌ను ఓడించిన యుద్ధం పేరుతో, ఊరేగింపులు ఉంటాయి. చూడాలనిపిస్తే పగలు, తోటి నర్సులతో కలిసి, రోడ్డు పక్కన నిలబడి చూడు. ఫొటోలు స్టేటస్‌లో పెట్టకు. ఎవరినీ మీది ఏ చర్చి అని అడక్కు. అల్‌స్టర్-స్కాట్స్ వాళ్లంతా ఊరేగింపు వాళ్లేనని కూడా అనుకోకు. బాలీక్యారీ ఊరి నేతగాడు జేమ్స్ ఓర్ ఈ మాటలోనే కవిత్వం రాశాడు, 1798లో రాజుకు ఎదురు తిరిగిన వాళ్లలోనూ ఉన్నాడు.

జనవరి 25న స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ పేరిట జరిగే బర్న్స్ నైట్ విందుకు ఎవరైనా పిలిస్తే కాదనకు. హాగిస్ అంటే గొర్రె గుండె, కాలేయం, ఓట్స్ కలిపి వండేది. కూరగాయలతో చేసేదీ దొరుకుతుంది, వస్తానని చెప్పేటప్పుడే అది కావాలని చెప్పు.

మీ పెద్దమ్మ